నిలబెట్టిన బండికే చాకిరీ ఎక్కువ

చలిదేశాల్లో సరదా కార్లవాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. 1957లో లోటస్ కంపెనీ సెవెన్ అనే చిన్న కారును తెచ్చి, విడిభాగాల కిట్టుగా కూడా అమ్మింది. కొన్నవాళ్లే ఇంటి దగ్గర బిగించుకునేవారు. 1973 నుంచి ఆ నమూనాను కేటర్‌హామ్ సంస్థ కొనసాగిస్తోంది. మంచు కురిసే నెలల్లో అలాంటి బండ్లను షెడ్డులో పెట్టి, వసంతానికి సిద్ధం చేసుకోవడం అక్కడి అలవాటు. పల్నాడులో అలాంటి కారు కనబడదు గానీ, దాని వరసకు వచ్చే బండి ఒకటుంది: పాత జీపు. మన దేశంలో జీపు పుట్టుకే కిట్టు. 1940ల చివర్లో మహీంద్రా సంస్థ అమెరికా విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించి అమ్మింది. తర్వాత వచ్చిన ఎంఎం 540 లాంటి వాటికి ప్యూజో లైసెన్సు డీజిల్ ఇంజన్లు వచ్చాయి. చేతులు మారి మారి ఈనాటికి మిగిలిన జీపుల్లో చాసిస్ ఒకదానిది, గేర్‌బాక్సు ఇంకోదానిది, బాడీ కొత్తగా కొట్టించినది అయి ఉండటం మామూలే.

టాపు లేని బండికి పల్నాడులో రోజులొచ్చేది వానలు పడ్డాకే. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారన్న కబురుతో మాచర్ల రోడ్డు కిటకిటలాడే రోజులు, ఎత్తిపోతల నిండుగా దూకే రోజులు, కార్తీక అమావాస్యకు మొదలయ్యే కారెంపూడి వీరుల ఉత్సవాలు, మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల: జీపు మోజు తీరే కాలం దాదాపు ఇంతే. ఆ తర్వాత ఎండలు ముదురుతాయి. వడగాడ్పుల వార్తల్లో రెంటచింతల పేరు లేని ఏడు అరుదు. కాబట్టి చలిదేశాలవాళ్లకు చలికాలం ఎలాగో, మనకు మార్చి నుంచి జూన్ దాకా అలాగ. నేను చెప్పదలచింది ఒక్కటే. ఇలాంటి బండిని తిరుగుడు కన్నా నిలకడే ఎక్కువ పాడు చేస్తుంది. అందుచేత ఎండాకాలపు పనే అసలు పని. అది కూడా మన ఎండకూ, మన నీళ్లకూ, మన దుమ్ముకూ తగ్గట్టు సాగాలి.

ముందు బ్యాటరీ సంగతి చూద్దాం. లెడ్ యాసిడ్ బ్యాటరీ వాడకపోయినా తనంతట తాను దిగిపోతూ ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ వేగం దాదాపు రెట్టింపవుతుంది. చలిదేశపు షెడ్డులో నెలల తరబడి ఓర్చుకునే బ్యాటరీకి మన రేకుల షెడ్డులో ఆ ఓపిక ఉండదు. నిండుగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపించేది 12.4కు దిగితే పావు వంతు పోయినట్టే. అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా పట్టదు. టైర్లదీ అదే కథ. పక్కగోడ మీద 2319 అని నాలుగంకెలు ఉంటే, అది 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. తక్కువ తిరిగిన జీపు టైరుకు గాళ్లు కొత్తవాటిలా లోతుగానే ఉంటాయి, కానీ వేలితో వంచి చూస్తే రబ్బరు మీద సన్నటి పగుళ్లు విచ్చుకుంటాయి. అరగని టైరు మంచి టైరన్న భ్రమ అక్కడే పోతుంది.

బ్రేకుల్లో ఈ చెడుపు పైకి అసలు కనబడదు. పాత జీపుల్లో ఎక్కువగా డ్రమ్ బ్రేకులే. డ్రమ్ము ఊడదీసి, వీల్ సిలిండర్ చివరనున్న రబ్బరు తొడుగును వేలితో కొద్దిగా ఎత్తి చూడాలి. లోపల పొడిగా ఉంటే సరే, తడి తగిలితే సిలిండర్ లోపలి రబ్బరు కప్పు కారుతున్నట్టు. పెడల్ తొక్కితే మాత్రం అంతా బాగున్నట్టే ఉంటుంది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకానికి కొత్తలో మరుగు స్థానం కనీసం 205 డిగ్రీలు ఉండాలన్నది ప్రమాణం. తేమ చేరిన ఆయిల్‌కు ఆ ప్రమాణమే 140కి దిగుతుంది. శ్రీశైలం ఘాటు దిగుతూ బ్రేకు మీదే కాలు ఉంచినప్పుడు ఆ తేడా ఏమిటో తెలుస్తుంది. హ్యాండ్ బ్రేకు లాగి నెలలు వదిలేస్తే షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయి. గేరులో ఉంచి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టడం మేలు.

కూలెంటు మంచు దేశాలవాళ్లకు గానీ మనకెందుకు అనే మాట తరచూ వినబడుతుంది. గడ్డకట్టకుండా ఆపడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. మరుగు స్థానం పెంచడం, లోహం తుప్పు పట్టకుండా కాయడం కూడా దాని పనే. పల్నాడు సున్నపురాయి నేల. పిడుగురాళ్ల బట్టీల సున్నమూ, మాచర్ల నాపరాళ్లూ ఈ నేలవే. ఆ రాతి పొరల్లోంచి వచ్చే బోరు నీళ్లు రేడియేటర్‌లో పోస్తే సన్నటి గొట్టాల్లో గార కడుతుంది. ఇక్కడ గొట్టాలు పూడేది మంచుతో కాదు, సున్నంతో. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపిన కూలెంటు అందుకే కావాలి. పాత జీపుల్లో ఉండే ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ అడుగు గిన్నెలో, దుమ్ము దిగి నూనె బురదవుతుంది. దాన్ని డీజిల్‌తో కడిగి, గీత దాకానే కొత్త నూనె పోయాలి. గీత దాటితే ఆ నూనెను ఇంజనే పీల్చుకుంటుంది.

ఇంత తంటా ఎందుకు, వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచితే చాలదా అంటారు. కదలిక కావాలన్న వరకు ఆ మాట నిజమే. కానీ ఇంధనం మండితే నీటి ఆవిరి పుడుతుంది. అందులో కొంత పిస్టన్ రింగులు దాటి కింద ఆయిల్‌లో చేరుతుంది. ఆయిల్ బాగా కాగితేనే అది బయటికి పోతుంది. ఐదు నిమిషాల ఐడ్లింగ్‌కు ఆయిల్ అంత కాగదు. పైగా ప్యూజో ఇంజన్‌కు హీటర్ ప్లగ్గులూ, సెల్ఫూ లాగేసిన కరెంటు ఆ కాస్తసేపట్లో బ్యాటరీకి తిరిగి చేరదు. నడిపితే తెల్లవారుజామున పదిహేను ఇరవై కిలోమీటర్లు నడపాలి, లేదంటే ముట్టుకోకూడదు. ఆయిల్ మార్చాల్సింది కూడా బండి తీసేటప్పుడు కాదు, పెట్టేసేటప్పుడే. వాడిన ఆయిల్‌లోని ఆమ్లాలు మూడు నెలలు బేరింగుల్ని నాకుతూ కూర్చుంటే, తర్వాత పోసే కొత్త ఆయిల్ ఆ నష్టాన్ని పూడ్చలేదు.

ఇవన్నీ చూడటానికి మెకానిక్కులు లేరా అన్నది ఇంకో ఆక్షేపణ. పంపు కాలిబ్రేషన్, గేర్‌బాక్సు పనులు నిస్సందేహంగా వాళ్లవే. కానీ కంపెనీ కారుకు సర్వీసు పుస్తకం ఉంటుంది. పది బండ్ల ముక్కలతో ఒకటైన జీపులో ఏ సీలు ఏ కొలత, ఏ బేరింగు ఎప్పుడు మార్చింది అని ఏ పుస్తకమూ చెప్పదు. ఆ చిట్టా రాసుకోవాల్సింది యజమానే. అదీగాక తొలకరి పడిందంటే నరసరావుపేటలోనైనా, గురజాలలోనైనా మెకానిక్కుల చేతులు ట్రాక్టర్ల మీదే ఉంటాయి, ఉండాలి కూడా. ఏరువాకను ఆపి సరదా జీపును చూడమనడం న్యాయం కాదు.

చివరిగా, పాత ఇనుము మీద ఇంత ఖర్చు దండగ, పాడైతే ఇంకో ఇంజన్ వేయిస్తే పోలా అనేవాళ్లున్నారు. అనుమతి లేకుండా అలా మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు. తయారీదారు నిర్దేశించిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండికి ఆ హోదా దక్కుతుంది, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మారకుండా ఉంటేనే. 1970ల తొలినాటి జీపులు ఇప్పటికే ఆ వయసు దాటాయి. అంటే నిలబెట్టి పాడు చేసుకుని తర్వాత మార్చిన ప్రతి పెద్ద భాగమూ డబ్బుతోపాటు బండి ఉనికినీ తరుగుతుంది. పాడు కాకుండా చూసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకే పని వరస మారాలి. జీపు మీద ఖర్చూ కష్టమూ సాగర్ గేట్లు ఎత్తే ముందు వారంలో కాదు, శివరాత్రి వెళ్లిన వారంలోనే మొదలు కావాలి.