గోడయు గుర్తింపును: క్లౌడ్ రక్షణనియమములపై ఒక విమర్శ

జార్జిటౌనునకు పడమట నున్న వాల్ టాక్స్ రోడ్డు చెన్నపురి తెలుగువారికి సుపరిచితము. 1769లో హైదరలీ దండు నగరపు పొలిమేరకు వచ్చిన పిదప పట్టణమునకు గోడ కట్టిరి. ఆ గోడకై తలపెట్టిన పన్ను పేరే వీథికి మిగిలినది. గోడ చాలవఱకు పోయినది; గోడను నమ్మెడి బుద్ధి మాత్రము పోలేదు.

2015లో మైక్రోసాఫ్టు సంస్థ భారతదేశమున నెలకొల్పిన మూడు క్లౌడ్ కేంద్రములలో నొకటి చెన్నైలోనిది. ఇట్టిచోట తమ సమాచారమును దాచినవారు నెట్‌వర్కు నియమములను కాపలా పెట్టుదురు. ప్రతి నియమమును, బయలుదేరిన చిరునామా, దాని పోర్టు, చేరవలసిన చిరునామా, దాని పోర్టు, ప్రోటోకాలు అను ఐదింటిని చూచి, అనుమతియో నిరాకరణమో తేల్చును. మనము వ్రాయు నియమములకు 100 మొదలు 4096 వఱకు వరుససంఖ్య లుండును. చిన్నసంఖ్య ముందు, మొదట సరిపడినదే చెల్లును. కావున ముందున్న విశాలమైన అనుమతి యొకటి వెనుకనున్న నిషేధముల నన్నింటిని వ్యర్థము చేయగలదు. ఏదియు సరిపడనిచో, 65500 సంఖ్యగల నియమము బయటివానిని త్రోసివేయును.

ఈ పద్ధతి యందలి గుణమును కాదనరాదు. 22, 3389 వంటి నిర్వహణపు పోర్టులను లోకమున కంతటికి తెఱచి యుంచుట అవివేకము. కాని యిదియే సంపూర్ణరక్షణ యనువారితో మే మేకీభవింపజాలము. చిరునామా ఎక్కడినుండి యని చెప్పును గాని, ఎవరని చెప్పదు. కళాశాల నెట్‌వర్కులోని విద్యార్థికి తెఱచుకొను పరిశోధనపత్రిక, అచ్చటనే ముప్పదియేండ్లు బోధించి యిప్పుడు మైలాపూరున నింటనున్న పండితునకు మూసికొనును. మఱి లోపలి యంత్ర మొకటి దొంగచేత చిక్కినచో? వేఱు నియమము వ్రాయనంతవఱకు, 65000 సంఖ్యగల నియమము లోపలివారి రాకపోకల నన్నింటిని అనుమతించుచునే యుండును. అర్హుడు బయట, దొంగ లోపల: ఇది రక్షణ యనిపించుకొనునా?

2020 ఆగస్టులో అమెరికా ప్రమాణసంస్థయగు నిస్ట్ వెలువరించిన 'జీరో ట్రస్ట్' పత్రము ఈ లోపమునే యెత్తిచూపినది. ఉన్నచోటును బట్టి యెవరిని విశ్వసింపరాదనియు, వ్యక్తిని, యంత్రమును పరిశీలించియే లోనికి విడువవలయు ననియు దాని సారము.

గోడను పడగొట్టుమనుట మా వాదము కాదు. తెలుగు సంఘములును గ్రంథాలయములును తమ తాళపత్రముల ఛాయాప్రతులను క్లౌడున నుంచునపుడు, వానిని చదువుట కెవ రర్హులో ముందు నిర్ణయించి, పిదప ద్వారములను లెక్కింపవలయును. గోడ కట్టుట సులభము. వచ్చినవాని నెఱుంగుటయే కావలివాని విద్య.