ముందు చెప్పాల్సిన మాట

బీఫార్మసీ చివరి సెమిస్టర్‌లో ఫార్మా మార్కెటింగ్ మేనేజ్‌మెంట్ అని ఒక ఎలెక్టివ్ ఉంది. నేను చెప్పేది అదే. మా పిల్లల్లో చాలామందిది టెక్కలి, పలాస, సోంపేట చుట్టుపక్కలే. చదువవగానే బ్యాగు తగిలించుకుని డాక్టర్ల గుమ్మాల దగ్గర నిలబడతారు కాబట్టి డాక్టరుకు మందు గురించి వివరించే డిటైలింగ్ క్లాసులోనే చేయిస్తాను. ఒకరు డాక్టరు, ఒకరు రెప్, రెండే నిమిషాలు.

మొన్న ఒకమ్మాయి నొప్పి మాత్ర గురించి చెప్పింది. గొంతు తడబడలేదు. పెన్ను మొన సరిగ్గా గ్రాఫు దగ్గర ఆగింది. ‘చాలా సేఫ్ సార్’ అంది. అక్కడ ఆపాను.

సేఫ్ అనే మాటను ఊరికే వాడకూడదని మందుల మార్కెటింగ్ మీద 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన యూసీపీఎంపీ కోడ్‌లోనే ఉంది. నేను ఆపింది అందుకు కాదు. ఆ అమ్మాయిది ఉద్దానం. అక్కడ షుగరూ బీపీ లేనివాళ్లకీ కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇంకా తేలలేదు. దానికోసమే పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. కారణం సంగతి అలా ఉంచితే, దెబ్బతిన్న కిడ్నీకి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు చేటని మాత్రం ఎప్పుడో తేలింది. కిడ్నీకి రక్తం సరిగా అందేలా చూసే ప్రోస్టాగ్లాండిన్లను ఈ మాత్రలు తగ్గించేస్తాయి. ఎండలో చెమటోడ్చి నీరు తగ్గిన ఒంటికి ఆ ప్రోస్టాగ్లాండిన్లే దిక్కు.

సాయంత్రం ఏ మందుల షాపు ముందైనా కాసేపు నిలబడండి. వేళ్లకు జీడి మరకలతో ఒకావిడ వచ్చి, ‘బాబూ, ఒళ్లునొప్పుల బిళ్లలు రెండియ్యి’ అంటుంది. చీటీ ఉండదు. స్ట్రిప్ కత్తిరించి చేతిలో పెడతారు. మన ‘సేఫ్’ చివరికి చేరేది ఆ చేతికే.

‘ఎవరికి ఇవ్వకూడదో ముందు చెప్పమ్మా’ అన్నాను.

‘అలా చెబితే ఎవరు రాస్తారు సార్?’

న్యాయమైన ప్రశ్న. నేను రెప్‌గా తిరిగినప్పుడు ఒక డాక్టరుగారు, ‘క్రియాటినిన్ రెండు దాటితే మీ మందు ఏం చెయ్యాలి?’ అని అడిగారు. తెలీదన్నాను. వారం తర్వాత చదువుకుని వెళ్లి, ఆపేయాలండీ అన్నాను. అన్నాళ్లూ నిలబెట్టే మాట్లాడిన మనిషి ఆరోజు కుర్చీ చూపించారు. నా మందులు ఆయన రాయడం అప్పటినుంచే.

అమ్మాయి మళ్లీ లేచింది. పెన్ను మొన ఈసారి గ్రాఫు దాటి కాగితం అడుక్కి జారి, చీమ తలకాయలంత అక్షరాల దగ్గర ఆగింది.