దావీదు కీర్తనలు - క్రైస్తవ వ్యాఖ్యానము

ప్రాచీన గ్రంథమునకు వ్యాఖ్యానము చేయువాడు రెండు ఋణములను తీర్చవలసియుండును. మూలమును రచించినవాని ఋణ మొకటి. దానిని నేడు చదువువాని ఋణము రెండవది. ఈ రెంటిలో నేదేని యొకటి మరచినచో వ్యాఖ్యానము పాండిత్యప్రదర్శనమో, మతప్రచారమో యగును గాని మూలమునకు దారి చూపదు. యూదుల పవిత్రగీతములగు కీర్తనలకు క్రైస్తవులు రెండువేల యేండ్లుగా చేయుచున్న వ్యాఖ్యానమును గూర్చి ఈ దృష్టితో కొంత విచారింపవలెనని మాకు చాలకాలముగా కోరిక యుండెను. కడచిన వేసవిలో జరిగిన యొక చిన్న సంగతి ఆ కోరికను బలపరచినది.

మేము నివసించు బాచుపల్లిలో నేడు ఏ మూల చూచినను పెద్ద పెద్ద మేడలు లేచుచున్నవి. వానిలో కాపురముండబోవువారు హైటెక్ సిటీలో ఉద్యోగములు చేయువారు. వానిని కట్టువారు దూరదేశములనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన కూలీలు. అట్టి మేడ యొకదాని పై యంతస్తునుండి జారిపడి ఒక తాపీపనివాడు మరణించెను. అతని తల్లి మేము పనిచేయు పాఠశాలలో ఊడ్చి తుడుచు పని చేయును. దినముల ప్రార్థనకు రమ్మని ఆమె పిలువగా మేమును వెళ్లితిమి. బోధకుడు యువకుడు, మంచివాడు, శ్రద్ధ గలవాడు. అతడు ఇరువదిరెండవ కీర్తనను చదివెను. దేవుడు తనను విడిచిపెట్టెనని భక్తుడు మొఱపెట్టుకొను మొదటి మాటలు చెవిని పడగానే ఆ తల్లి గొల్లుమని యేడ్చెను. బోధకుడు ఆమెను మెల్లగా వారించి, "అమ్మా, ఇది మన యేడ్పు కాదు. ప్రభువు సిలువమీద పలుకబోవు మాటను దావీదు వెయ్యేండ్లకు ముందే ప్రవచించెను. కావున దుఃఖింపక స్తుతింపుము" అని చెప్పెను. ఆమె కొంగు నోట గ్రుక్కుకొని ఊరకుండెను.

మేము క్రైస్తవమతస్థులము కాము. కావున పరుల యింటి వ్యవహారమున తలదూర్చుచున్నామని కొందరు తలపవచ్చును. కాని కీర్తనలు ఎన్నడో తెలుగు గ్రంథములైనవి. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండను మిషనరీలు క్రాన్, డెగ్రాంజి యను వారలు ఆనందరాయరను పండితుని సాయముతో బైబిలును తెనిగింప మొదలిడిరి. 1812లో మూడు సువార్తలు శ్రీరామపురమున అచ్చుపడినవి. పందొమ్మిదవ శతాబ్దపు నడిమి కాలమునకు సంపూర్ణ గ్రంథము వెలువడినది. నేడు తెలుగునాట లక్షలాది కుటుంబములలో నిత్యపారాయణము పొందుచున్న ఈ గీతములను గూర్చి సాహిత్యాభిమానులు మాటాడకుండుటయే వింత.

ముందుగా మూలస్వరూపమును చూతము. కీర్తనలు నూటయేబది. హెబ్రీ భాషలో వీనికి 'స్తుతులు' అని అర్థమిచ్చు పేరు గలదు. ఇవి యైదు భాగములుగా కూర్పబడినవి. హెబ్రీ ప్రతిలో డెబ్బదిమూడింటికి దావీదు పేరు శీర్షికలో కన్పట్టును. మిగిలినవానిలో కొన్ని ఆసాపు మున్నగు వారల పేర, కొన్ని పేరు లేకయే యున్నవి. కావున 'దావీదు కీర్తనలు' అని మనము లోకవ్యవహారమునుబట్టి అనుచున్నాము గాని ఇది యొక్క కవి కృతి కాదు. అనేక శతాబ్దముల కూర్పు. జర్మను పండితుడు హెర్మన్ గుంకెల్ ఇరువదవ శతాబ్దపు తొలి భాగమున ఈ గీతములను స్తోత్రములు, విలాపములు, కృతజ్ఞతాగీతములు, రాజగీతములు మున్నగు జాతులుగా విభజించి, ఏ జాతి గీతము ఏ సందర్భమున పాడబడుచుండెనో విచారించెను. అందు విలాపముల సంఖ్యయే హెచ్చు. స్తుతులని పేరుబడిన గ్రంథమున ఏడ్పు లెక్కువగా నుండుట పాఠకులు గమనింపదగిన విషయము.

ఇక క్రైస్తవ వ్యాఖ్యానము. క్రీస్తు సిలువమీద ఇరువదిరెండవ కీర్తన మొదటి మాటలను పలికెనని మత్తయి, మార్కు సువార్తలు చెప్పుచున్నవి. వస్త్రములకు చీట్లు వేయుట మున్నగు వర్ణనలును ఆ కీర్తనతో సరిపోవుచున్నవి. అందుచేత తొలినాటి క్రైస్తవులు కీర్తనలన్నిటను క్రీస్తును వెదకనారంభించిరి. ఈ వెదకుటకు హద్దు లుండవలెనని తలచినవారును వారిలో లేకపోలేదు. మొప్సువెస్టియా బిషప్పగు థియొడోరు 2, 8, 45, 110 సంఖ్యలుగల నాలుగు కీర్తనలు మాత్రమే నేరుగా క్రీస్తును ఉద్దేశించినవనియు, తక్కినవానిని ఇశ్రాయేలు చరిత్రతో అన్వయించుకొనవలెననియు చెప్పెను. అతడు మరణించిన నూరేండ్లకు పైబడిన పిమ్మట, 553లో కాన్‌స్టాంటినోపులున కూడిన మహాసభ అతని వ్రాతలను ఖండించెను. ఆ ఖండనమునకు వేరు కారణములును గలవు గాని, చరిత్రదృష్టిగల వ్యాఖ్యానమున కది గొడ్డలిపెట్టయ్యెననుట నిజము.

అతని సమకాలికుడగు అగస్టీను మరియొక మార్గము త్రొక్కెను. నూటయేబది కీర్తనలకును అతడు చేసిన వ్యాఖ్యానము అతని గ్రంథములన్నిటిలో పెద్దది. కీర్తనలలో మాటాడు కంఠము క్రీస్తుదే యని అతడును అనెను. కాని ఆ క్రీస్తు ఒంటరివాడు కాడు. అతడు శిరస్సు, విశ్వాసుల సంఘము శరీరము. శిరస్సు పలికినను శరీరము పలికినను కంఠమొక్కటే యని అతని సిద్ధాంతము. పాదము త్రొక్కబడినప్పుడు నోరు "నన్ను త్రొక్కితివి" అని అరచుట లోకమున చూచుచున్నాము గదా. ఈ సిద్ధాంతము ననుసరించినచో ఆ తాపీవాని తల్లి యేడ్పు కీర్తనకు వెలుపలిది కాదు. మన బోధకుడు అగస్టీను చెప్పినదానిలో సగము మాత్రమే చెప్పెను. శిరస్సును చూపి శరీరమును మరుగుపరచెను.

మన యలంకారశాస్త్రము ఈ చిక్కును విప్పుటకు చక్కగా తోడ్పడునని మాకు తోచుచున్నది. 'గంగలో గొల్లపల్లె' అన్నప్పుడు ప్రవాహముమీద పల్లె యుండుట అసంభవము గనుక ముఖ్యార్థమును విడిచి, గంగయొడ్డు అని గ్రహించుచున్నాము. ముఖ్యార్థమునకు బాధ కలిగిననే గాని దానిని విడువరాదని శాస్త్రము. ఇరువదిరెండవ కీర్తనలో ముఖ్యార్థమునకు వచ్చిన బాధ యేమి? శత్రువులచే చుట్టుముట్టబడినవాడు, ఎముకలు లెక్కింపదగినంతగా చిక్కినవాడు, దేవుడు పలుకకున్నాడని అరచుచున్నాడు. ఇందులో అసంభవ మేమియు లేదు. లోకమున నిత్యము జరుగుచున్నదే. ఆ కీర్తన చివర భూదిగంతములవారెల్లరు దేవునివైపు తిరుగుదురను భాగము ఏ యొక్క మనుష్యుని యనుభవమునకును అందదని ప్రతివాదులు చెప్పవచ్చును. స్తోత్రములందు అతిశయోక్తి సహజము. కాదన్నను, బాధ కలిగిన ఆ భాగమునకే వేరర్థము చెప్పుకొనవలెను గాని గీతమంతటిని మార్చుట న్యాయము కాదు.

ఆనందవర్ధనుడు ధ్వనిని రెండు విధములుగా విభజించెను. వాచ్యార్థము నుద్దేశింపక వేరర్థము నిచ్చునది అవివక్షితవాచ్యము. వాచ్యార్థము నిలిచియుండియే మరియొక యర్థమునకు త్రోవ యిచ్చునది వివక్షితాన్యపరవాచ్యము. క్రైస్తవులు కీర్తనలలో క్రీస్తును వినదలచుకొన్నచో మాకభ్యంతరము లేదు. అది వారి విశ్వాసము. కాని ఆ ధ్వని రెండవజాతిది కావలెను. వాచ్యమున ఏడ్చుచున్న మనుష్యుడు నిలిచియున్ననే గాని ఆ యేడ్పు సిలువనుండి వినబడుటలో విశేషము లేదు. క్రీస్తు ఆ మాటలను పలికెనన్న సంగతియే మా పక్షమునకు ప్రబలప్రమాణము. అతడు కొత్తమాటలు కల్పించుకొనక, తన జాతివారు తరతరములుగా కష్టకాలమున అరచిన యరపునే తానును అరచెను. అరువు తెచ్చుకొన్న మాట అరువిచ్చినవారిది కాకపోవునా?

భావార్థము చెప్పు తొందరలో వాచ్యార్థమును త్రోసివేయుట క్రైస్తవుల కొక్కరికే చెల్లినది కాదు. అమరుకశతకములోని శృంగారశ్లోకములకు రవిచంద్రుడను వ్యాఖ్యాత శాంతపరముగా కూడ అర్థము చెప్పెను. మన కొండవీటి ప్రభువు పెదకోమటి వేమభూపాలుడు అదే శతకమునకు శృంగారదీపిక యను వ్యాఖ్య వ్రాసి, శృంగారమును శృంగారముగానే వివరించెను. రెండింటిలో నేటి రసికులు ఏ దీపము వెలుతురున అమరుకుని చదువుకొనుచున్నారో చెప్పనక్కరలేదు. నలుబదియైదవ కీర్తన యొక రాజు వివాహగీతము. దానిని క్రీస్తునకును సంఘమునకును అన్వయించుట ప్రసిద్ధమే. కాని అందు పుట్టింటిని మరచి కొత్తయింటికి పోవుచున్న యొక పడుచు నిలిచియున్నది. ఆమెను చూడని వ్యాఖ్యాత ఆ గీతములో సగము సొగసును పోగొట్టుకొనును.

పాఠభేదముల విషయమునను జాగ్రత్త యవసరము. ఇరువదిరెండవ కీర్తన పదునారవ వచనమున చేతులను, పాదములను గూర్చిన మాట ప్రచారమందున్న హెబ్రీ ప్రతిలో 'సింహమువలె' అని యున్నది. ప్రాచీన గ్రీకు అనువాదమున 'త్రవ్విరి' అను నర్థమునిచ్చు క్రియ గలదు. మన తెలుగు బైబిలు 'పొడుచుట' అను నర్థమును గ్రహించినది. మృతసముద్రప్రాంతమున నహల్ హెవెరు గుహలో దొరకిన తునకలో క్రియాపదమే యున్నదని పలువురు పండితులు చదువుచున్నారు. ఇట్లుండగా యూదులు ద్వేషముచే పాఠమును చెరచిరని వేదికలమీద చెప్పుట సాహసము. ఈ కీర్తనను యూదులు తమ రీతిని చదువుకొన్నారు. వారి ప్రాచీన వ్యాఖ్యానములలో నొకటి దీనిని ఎస్తేరు రాణి మొఱగా అన్వయించినది. పదునొకండవ శతాబ్దమున రాషీ యను పండితుడు చెఱలోనున్న ఇశ్రాయేలు జాతి యేడ్పుగా గ్రహించెను. తమ పాటను తామే యెరుగనివారని యొక జాతిని నిందించుట యెంతటి ఘోరములకు దారితీసెనో యూరపు చరిత్ర చెప్పుచున్నది. 1965లో వాటికన్ మహాసభ యూదజాతిమీద మోపబడిన క్రీస్తుమరణనింద తగదని ప్రకటించుట ఆలస్యమైనను మెచ్చదగినది.

విలాపములను చూచి జంకుటకు మరియొక నిదర్శనము. శత్రువులను శపించు 58, 83, 109 సంఖ్యలుగల కీర్తనలు 1971లో సంస్కరింపబడిన కతోలికుల నిత్యప్రార్థనగ్రంథమునుండి తొలగింపబడినవి. శాపవాక్యములు భక్తులకు తగవను భయము మాకును అర్థమగుచున్నది. అయినను దెబ్బతిన్నవాడు తన కోపమును కత్తికి అప్పగింపక దేవునికి అప్పగించుటలో నొక నీతి గలదు. 1985లో కారంచేడునందును, 1991లో చుండూరునందును దళితులు హత్యకు గురియైరి. తెలుగుక్రైస్తవులలో అధికసంఖ్యాకులు అట్టి పేటలనుండి వచ్చినవారే. వారికి మొఱపెట్టు కీర్తనలను దాచి, స్తుతికీర్తనలను మాత్రమే యిచ్చుట న్యాయమడుగు నోటిని మూయుట కాదా? ఎనుబదియెనిమిదవ కీర్తన చీకటిలోనే ముగియుచున్నది. కూర్చిన పెద్దలు దానికి వెలుగు తగిలింపలేదు. వారి ధైర్యము నేటి బోధకులకు ఉండవలదా?

తెలుగువారికి ఈ మార్గము కొత్తది కాదు. మా బాచుపల్లికి కొలది క్రోసుల దూరముననే గోలకొండ యున్నది. ఆ కోటలో చెఱనున్న కంచెర్ల గోపన్న తాను చేయించిన నగలను లెక్కపెట్టి చెప్పి రాముని నిలదీసెను. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయకుని శతకమంతయు నిందాస్తుతితో నింపెను. వీరిని అవిశ్వాసులని యెవ్వరును అనలేదు. క్రైస్తవులలోను 1803 మొదలు 1890 వరకు జీవించిన పురుషోత్తమ చౌదరి మన రాగతాళములలో పాటలు రచించి, ఆ మతమునకు తెలుగు గొంతు నిచ్చెను. హెబ్రీ గీతములకు 'కీర్తనలు' అని మనవారు పేరు పెట్టుటయే ఈ బంధుత్వమును చాటుచున్నది. దేవునితో చనువుగా పోట్లాడుట భక్తిలో నొక భాగమని యెరిగిన జాతికి, ఏడ్వవలదని కీర్తనల పేర చెప్పుట తగునా?

బోధకులకు మేము చేయు మనవి స్వల్పము. కీర్తనను మొదట ఏడ్చినవాని నోటనుండి వినిపింపుడు. పిదప యూదజాతి నోట, క్రీస్తు నోట, మీ యెదుట కూర్చున్నవారి నోట వినిపింపుడు. క్రమము తప్పకున్న నేదియు నష్టము కాదు.

ఆ తల్లికి చదువు రాదు. ఆమె మనుమరాలు మా తరగతిలోని పిల్ల. వారము దినముల పిమ్మట ఆ పిల్ల బైబిలు తెచ్చి, అవ్వ యడుగుచున్నది, ఆ పాట ఏ పుటలో నున్నదో చూపుమని మమ్ము కోరెను. మేము చూపితిమి. చివరివరకు చదువవలసినదా, ఏడ్చిన భాగము మాత్రము చాలునా యని ఆమె యడిగెను. అవ్వ చాలుననువరకు చదువుమని చెప్పితిమి.