‘బోనా’ చిత్రమునందలి దాస్యభావము

లీనో బ్రోకా దర్శకత్వమున 1980 డిసెంబరులో మనీలా చలనచిత్రోత్సవమునందు ప్రదర్శితమైన ‘బోనా’ అను ఫిలిప్పీను చిత్రమును విమర్శకులు సాధారణముగా రెండు విధముల వ్యాఖ్యానింతురు. ఒక పక్షమువారికి అది నటునిపై వెఱ్ఱి వ్యామోహము పెంచుకొన్న యొక పడుచు కథ. రెండవ పక్షమువారికి అది 1972లో మార్కోసు విధించిన సైనికశాసనము క్రింద నలిగిన జనుల కథకు రూపకము. బోనా ప్రజ, గార్డో పాలకుడు. ఈ రెండవ వ్యాఖ్యానము నిరాధారము కాదు. బ్రోకా ఆ ప్రభుత్వమును బాహాటముగా నెదిరించినవాడే. కాని రూపకమని తీర్మానించి యూరకున్నచో, చిత్రమునందలి వంట, నీళ్ల మోత, స్నానపు నీరు మున్నగునవన్నియు కేవలము సంకేతములై పోవును. నాకు జూడగా చిత్రమునకు ప్రాణము వానియందే యున్నది.

కథ స్వల్పము. మధ్యతరగతి కుటుంబమునకు జెందిన బోనా చదువు మాని, గార్డో అను నటుని వెంట చిత్రీకరణస్థలములకు దిరుగుచుండును. తండ్రి కొట్టగా ఇల్లు విడిచి, మురికివాడలోని గార్డో యింట జేరి, అతనికి వండిపెట్టుచు, నీరు మోయుచు, కాచి స్నానము చేయించుచు కాలము గడపును. అతడు ఇతర స్త్రీలను ఇంటికి దెచ్చును; వారిలో నొకతె గర్భవతి కాగా గర్భస్రావమునకు తోడుపోవలసినదియు బోనాయే. తండ్రి మరణించినపుడు చూడబోయిన ఆమెను అన్న వెడలగొట్టును. తుదకు గార్డో, ఇల్లు అమ్మివేసి యొక వితంతువుతో అమెరికా వెళ్లుచున్నాననియు, నీవు మీ యింటికి పొమ్మనియు చెప్పును. బోనా స్నానమునకై కాచిన మసలు నీటిని అతనిపై గుమ్మరించును.

ఇచట మొదట గమనింపవలసినది గార్డో యొక్క అల్పత్వము. అతడు ప్రసిద్ధ నటుడు కాడు. చిల్లర వేషములు వేయువాడు. ఫిలిప్ సాల్వడోర్ ఆ పాత్రను కండలతోను సోమరితనముతోను నింపినాడే కాని గొప్పతనమునకు చోటియ్యలేదు. అతడు మహానటుడే యైయున్నచో బోనా యారాధనకు అతని కీర్తియే కారణమని సరిపెట్టుకొందుము. రచయిత సెనెన్ రామోనెస్ ఆ సౌలభ్యమును మనకు మిగుల్చలేదు. ఆరాధ్యుని యందు ఏమియు లేనపుడు ఆరాధన యెచటినుండి పుట్టుచున్నది? చిత్రము దీనికి సమాధానము చెప్పదు. కాని ఆరంభమునందే యొక దృశ్యమును జూపును. అది మనీలాలోని కియాపో వీధులలో నల్లని నజరేయుని విగ్రహము ఊరేగు ఉత్సవము. ఒక్క స్పర్శకై జనము ఒకరిమీద నొకరు పడుచుందురు. ఆ జనములో బోనా యొకతె.

మన ఆలంకారికులు దేవాదివిషయకమైన రతిని రసమనక భావమనిరి. ఆలంబనము అనుచితమైనచో ఆభాసమనిరి. శృంగారాభాసము హాస్యమున బర్యవసించునని అభినవగుప్తుని మతము. సీతపై రావణుని యనురాగము అందుకు ఉదాహరణము. ఈ కొలత ననుసరించి బోనా మనలను నవ్వింపవలెను. తారల యభిమానులను జూచి లోకము నవ్వుచునే యున్నది. విద్యావంతులమైన మనము మఱికొంత యెక్కువగా నవ్వుదుము. అట్లయ్యు నీ చిత్రము చూచువానికి నవ్వు రాదు. కారణము శ్రమ. బ్రోకా ఆమె మోహమును మాటలలో చెప్పింపక పనులలో జూపినాడు. ఆమె పొయ్యి రాజేయుటను, నీరు మోసి తెచ్చుటను, అతని యొడలు తోముటను మనము వేచి చూడవలసియున్నది. ఆలంబనము అనుచితమైనను ఆ శ్రమ అనుచితము కాదు. కావున దోషము ఆమెను విడిచి, సేవను హక్కుగా గొనుచున్న వానికి సంక్రమించుచున్నది.

బోనా పాత్ర ధరించిన నోరా ఔనోర్ సంగతి చెప్పక విడువరాదు. 1953లో జన్మించి, ఇరిగా రైలుస్టేషనులో మంచినీరమ్మిన బీదబాలిక ఆమె. 1967లో గానపు పోటీలో గెలిచి, పిమ్మట ఆ దేశమున అంతకుముందెఱుగని జనాభిమానమును బడసినది. అట్టి యామె తన సొంత సంస్థ పక్షమున ఈ చిత్రమును నిర్మించి, ఆరాధ్య వేషమును గాక ఆరాధకురాలి వేషమును ధరించినది. తనకై బారులు తీరిన వారి ముఖములను ఆమె యెన్ని యేండ్లు చూచినదో! గార్డోను జూచునపుడు ఆమె కన్నులలో కనబడు నిశ్చలత్వము ఆ చూపులనుండియే గ్రహింపబడినదని నా యూహ. గావద్ ఉరియన్ వారి ఉత్తమనటి బహుమానము ఆమెకు దీనికే లభించినది. ఆమె 2025 ఏప్రిల్‌లో మరణించినది.

చిత్రమునందు లోపములు లేవనను. బోనాను కోరి వేఱొకతెను పెండ్లాడు నీలో అను యువకుని ఘట్టము పలుచనైనది. అన్న వెడలగొట్టు ఘట్టము సామాన్యమైన కన్నీటి నాటకపు ఫక్కిని విడువలేదు. కాని ముగింపు హఠాత్తుగా వచ్చినదను ఆక్షేపణమును నేనంగీకరింపజాలను. 2024లో కాన్ నగరమున ప్రదర్శింపబడిన పునరుద్ధృత ప్రతి నిపుడు చూడగలవారు ఆ ఘట్టమును మొదటినుండి అనుసరించి చూతురు గాక. బోనా క్రొత్త యాయుధమేదియు చేతబట్టలేదు. పొయ్యి ఆ పొయ్యియే, పాత్ర ఆ పాత్రయే. నీరు ఆమె మోసి తెచ్చినదే. ఆ దినమున చన్నీరు కలుపలేదు.