గట్టు దిగిన రోజు

"ఈత రానివాళ్లు చెయ్యెత్తండి."

పడవ ఇంకా రేవులోనే ఉంది. పద్నాలుగు మందిమి చెప్పులు విప్పి బుట్టలో వేసి, వట్టికాళ్లతో డెక్కు మీద నిలబడ్డాం. కెప్టెన్ ఎండకు కమిలిన మొహంతో ఉన్న గ్రీకు మనిషి. మా పేర్లయినా అడక్కముందే ఈ మాట అడిగాడు. ముగ్గురు చేతులెత్తారు. ఒక్కొక్కరి మొహం గుర్తుపెట్టుకుంటున్నట్టు నిదానంగా చూశాడు. నా చెయ్యి లేవలేదు. నాకిప్పుడు యాభై రెండేళ్లు. ఆ ప్రశ్నకు చెయ్యెత్తకుండా నిలబడడం అదే మొదటిసారి. పక్కనున్న మా అమ్మాయి నా మోచెయ్యి మెల్లగా నొక్కింది.

అది సాంటోరిని దీవి. సెప్టెంబర్ నెల. దీవికి దక్షిణాన ఉన్న వ్లిహాదా రేవులో ఉదయం పదింటికి ఎక్కించుకుంటారు. పడమటి తీరం వెంబడి తిప్పి, మూడు చోట్ల ఈతకు ఆపి, పడవలోనే వండి భోజనం పెట్టి, మధ్యాహ్నం మూడింటికి ఉత్తరపు కొసన అమ్మూది రేవులో దింపుతారు. మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి టికెట్లు కొని, "అమ్మా, ఈసారి నువ్వు డెక్కు మీద సంచులు కాపలా కాయకూడదు" అంది. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. సంచులూ బట్టలూ కాపలా కాయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటైన పని.

మా అమ్మమ్మగారి ఊళ్లో దిగుడుబావి ఉండేది. వేసవి సెలవులకు వెళితే మా మావయ్య తమ్ముడి నడుముకు ఎండిన ఆనపకాయ బుర్రలు రెండు తాడుతో కట్టి నీళ్లలోకి తోసేవాడు. వాడు మునిగి, తేలి, నీళ్లు మింగి, ఏడ్చి, నాలుగో రోజుకు ఒక బుర్ర తీయించుకున్నాడు. వారం తిరిగేసరికి రెండోదీ పోయింది. నేను గట్టు మీద కూర్చుని వాడి చొక్కా, నిక్కరు తడవకుండా చూసేదాన్ని. "నేనూ దిగుతాను మావయ్యా" అంటే, "ఆడపిల్లవి, నీకెందుకే తల్లీ" అనేవాడు. కోపంగా కాదు, ముద్దుగానే అనేవాడు. ఆ ముద్దుకు ఎదురు చెప్పడం నాకు చేతకాలేదు.

ఇక సముద్రం. భీమిలిలో మా ఇంటి అరుగు మీద కూర్చుంటే అలల చప్పుడు వినపడేది. మాఘ పౌర్ణమికి స్నానానికి వెళ్లేవాళ్లం. అమ్మ నా మణికట్టు బిగించి పట్టుకుని మోకాటి లోతులో నిలబెట్టి, అల రాగానే నెత్తిన మూడు దోసిళ్లు పోసి, వెంటనే ఒడ్డుకు లాగేసేది. "ముందుకెళ్లకే, కాళ్ల కింద ఇసుక లాగేస్తాది" అనేది. కాస్త అవతల జాలరిపేట పిల్లలు విరిగిన తెప్ప దుంగను పట్టుకుని అలల మీద ఎగురుతూ ఉండేవాళ్లు. వాళ్లకు ఎవరూ ఈత నేర్పగా నేను చూడలేదు. నడక వచ్చినట్టే వాళ్లకు అదీ వచ్చింది.

ఆ తెప్ప సంగతి ఇక్కడ చెప్పాలి. మేమెక్కిన పడవ కాటమరాన్. సన్నటి పడవలు రెండింటిని పక్కపక్కన నిలిపి, పైన ఒకటే చప్టా వేసినట్టు ఉంటుంది. ముందువైపు ఆ రెండింటి మధ్య వల బిగించి ఉంటుంది. దాని మీద బోర్లా పడుకుంటే మొహం కిందే నీళ్లు పరుగెడుతుంటాయి. వెడల్పు ఎక్కువ కనుక గాలికి పక్కకు ఒరగదు. అడుగు లోతుగా దిగదు కనుక ఒడ్డు దగ్గరికి పోగలదు. ఈతకీ భోజనానికీ ఇంత అనువైన పడవ మరొకటి లేదు. దాని పేరు మాత్రం మన తూర్పు తీరానిది. తమిళంలో కట్టుమరం అంటే కట్టిన మాను. 1697లో అచ్చయిన విలియం డాంపియర్ యాత్రా గ్రంథంలో కోరమాండల్ తీరపు దుంగ తెప్పలకు ఈ పేరు కనిపిస్తుంది. మన జాలర్లు వేట నుంచి వచ్చాక తెప్పను ఇసుక మీదికి లాగి, తాళ్లు విప్పి, దుంగలను విడివిడిగా ఎండబెట్టేవారు. నీరు తాగిన మాను బరువెక్కిపోతుంది కదా. రెండు పడవలను జోడించే పద్ధతి పసిఫిక్ దీవులవాళ్లది. 1876లో అమెరికాలో నథానియల్ హెర్రెషాఫ్ అలాంటి పడవ కట్టి న్యూయార్క్ పందెంలో అందరినీ దాటేస్తే, మిగతావాళ్లు దాన్ని పోటీకి పనికిరాదని పక్కన పెట్టించారు. ఇంత తిరిగి వచ్చిన మాట మీద కూర్చుని నేను గ్రీకు సముద్రంలో పోతున్నాను. మా ఇంటికి రెండు వీధుల అవతల పుట్టిన తెప్పను మాత్రం ఒక్కనాడూ ఎక్కలేదు.

ఈత నేను నలభై ఏడో ఏట నేర్చుకున్నాను. విశాఖలో ఒక ఈతకొలనులో ఆడవాళ్లకు రోజుకు ఒక్క గంట ఇచ్చేవారు. అదీ మిట్టమధ్యాహ్నం, ఉద్యోగం చేసేవాళ్లెవరూ రాలేని వేళ. సెలవులు పెట్టుకుని వెళ్లాను. నేర్పించిన మాష్టారు మొదటి పది రోజులూ చేతులు, కాళ్లు ఆడించనివ్వలేదు. గట్టు పట్టుకుని మొహం నీళ్లలో పెట్టి, ముక్కుతో బుడగలు వదలమనేవారు. "మీరందరూ ఊపిరి బిగబడతారమ్మా. బిగబడితే పై ఊపిరికి చోటుండదు. ముందు వదలడం రావాలి" అనేవారు. తర్వాత వెల్లకిలా తేలడం. అందులో ఒక కిటుకు ఉంది. భయం వేసినప్పుడు మనిషి తల పైకెత్తుతాడు. తల లేస్తే నడుము దిగుతుంది, నడుము దిగితే కాళ్లు దిగుతాయి. చెవులు మునిగేదాకా తల వెనక్కి వాల్చేస్తే, ఊపిరితిత్తుల్లోని గాలి ఒంటిని పైకి తెస్తుంది. ఈ ఒక్క సంగతి ఒంటికి ఎక్కడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఎక్కిన రోజున కొలను పైకప్పు రేకులు లెక్కపెడుతూ అలాగే ఉండిపోయాను.

మొదటి మజిలీ ఎర్ర తీరం. ఇనుము నిండిన అగ్నిపర్వత శిల నిట్టనిలువుగా నీళ్లలోకి దిగి ఉంటుంది. ఇటుక బట్టీ గోడలాంటి రంగు. లంగరు గొలుసు గడగడమంటూ జారింది. లోతెంతో దానికి మూడు నాలుగు రెట్లు గొలుసు వదిలితేనే లంగరు పట్టు నిలుస్తుందని కెప్టెన్ చెప్పాడు. వెనకాల నిచ్చెన దించారు. "నేను ముందు దిగనా అమ్మా?" అంది మా అమ్మాయి. "వద్దు, నేనే దిగుతాను" అన్నాను.

చల్లదనం ఒక్కసారిగా గుండెను పట్టింది. మన సముద్రం కంటే నాలుగైదు డిగ్రీలు తక్కువ. ఊపిరి బిగిసింది. మాష్టారి మాట గుర్తొచ్చి బుడగలు వదిలాను. రెండు, మూడు, నాలుగు. అప్పుడు తల వెనక్కి వాల్చాను. ఒళ్లు దానంతట అదే పైకి వచ్చేసింది. కొలనులో నేనెన్నడూ అంత తేలిగ్గా తేలలేదు. దానికి కారణం ఉప్పు. ఈజియన్ సముద్రంలో కిలో నీటికి దాదాపు 39 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన బంగాళాఖాతంలో గోదావరి, కృష్ణ, మహానది, గంగ వచ్చి కలుస్తాయి కనుక ఒడ్డున ఉప్పు తక్కువ. గ్రీకు సముద్రం ఈదేవాళ్లను కాస్త ఎత్తి పట్టుకుంటుంది. ఆటుపోట్లు కూడా అక్కడ నామమాత్రం.

అందుకే మా అమ్మ భయాన్ని నేను తప్పు పట్టను. మన తీరంలో అలలు ఒడ్డు మీదే విరుగుతాయి. విరిగిన నీరంతా ఒక పాయగా కూడి లోపలికి లాగుతుంది. అందులో చిక్కుకున్నవాళ్లు ఒడ్డు వైపే ఈదబోయి అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ పాయ దాటి బయటపడాలి. ఈ రెండు వాక్యాలు మన తీరప్రాంతపు బడుల్లో ఎంతమంది పిల్లలకు తెలుసు? 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బడి వయసు పిల్లలకు ఈత, నీటి జాగ్రత్తలు నేర్పాలని ఆ సంస్థ చెబుతూనే ఉంది. అమ్మ భయం నిజమైనది. దానికి మందు మణికట్టు పట్టుకోవడం ఒక్కటే అనుకున్నాం. అక్కడే పొరపడ్డాం.

ఎర్ర తీరం నుంచి కదిలాక, ఆ కొండకు అవతలే అక్రోతిరి అని అమ్మాయి చూపించింది. సుమారు 3,600 ఏళ్ల కిందట అగ్నిపర్వతం బద్దలై బూడిద కింద కప్పబడిపోయిన పట్నం అది. 1967లో స్పిరిడాన్ మారినాటోస్ తవ్వకాలు మొదలుపెట్టాడు. అక్కడ ఒక ఇంటి గోడల మీద ఓడల ఊరేగింపు బొమ్మ దొరికింది. ఓడల చుట్టూ డాల్ఫిన్లు గెంతుతుంటాయి. అదే గదిలో మరో గోడ మీద, నీళ్లలో చేతులు కాళ్లు చాపి తేలుతున్న మనుషులున్నారు. మునిగిపోయినవాళ్లు. ఆ చిత్రకారుడు పండగనూ ప్రాణనష్టాన్నీ ఒకే గదిలో గీశాడు. సముద్రం పక్కన బతికినవాడికి ఆ రెండూ ఒకే చోట ఉంటాయని తెలుసు.

తెల్ల తీరం దగ్గర రెండోసారి దిగి, దీపస్తంభం మలుపు తిరిగాక కాల్డెరాలోకి ప్రవేశించాం. ఆ పేలుడుకు దీవి నడుము కుంగి సముద్రం నిండిన చోటు అది. ఒక పక్క 300 మీటర్ల ఎత్తు గోడ, కింద దాదాపు 400 మీటర్ల లోతు. గోడ పైన తెల్లటి ఇళ్లు ముగ్గుపిండి జారినట్టు కనిపిస్తాయి. నడిమధ్య నల్లటి లావా దీవులు రెండు, నేయా కామేనీ, పాలేయా కామేనీ. చివరిసారి 1950లో ఇక్కడ నిప్పు లేచింది. పాలేయా కామేనీ ఒడ్డున ఒక మలుపులో వేడినీటి ఊటలున్నాయి. పడవలు లోపలికి పోవు. బయట చల్లటి నీళ్లలో దూకి, మలుపు లోపలికి మనమే ఈదుకుంటూ వెళ్లాలి.

కాళ్లు అందని నీళ్లలో అంత దూరం నేనెప్పుడూ ఈదలేదు. మా అమ్మాయి పక్కనే వచ్చింది కానీ చెయ్యి పట్టుకోలేదు. పట్టుకోనందుకు ఆమెకు రుణపడి ఉన్నాను. పది బారలు ఈది, వెల్లకిలా తిరిగి ఊపిరి తీసుకుని, మళ్లీ పది బారలు. నీలం నీళ్లు మెల్లగా ఆకుపచ్చకు తిరిగాయి. గంధకం వాసన తగిలింది. ఆపైన నీళ్లు తుప్పు రంగుకు మారాయి. ముందు పొట్టకు, తర్వాత అరచేతులకు వెచ్చదనం తెలిసింది. సలసల కాగే ఊట కాదు, తలంటికి తోడిన నీళ్లంత గోరువెచ్చన. ఒడ్డున చిన్న తెల్లటి చర్చి. ఇనుప బురద వేళ్ల సందుల్లో చేరి, తెల్లటి ఈతబట్టలు వేసుకున్నవాళ్లకు ఎర్రటి మరకలు మిగిల్చింది. పొద్దున చేతులెత్తిన ముగ్గురిలో ఒకామె లైఫ్ జాకెట్ వేసుకుని, పడవ మనిషి తోడుగా అక్కడిదాకా వచ్చింది. ఆమె వెచ్చటి నీళ్లు తాకి ఏడ్చేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు. నాకు తెలుసు.

తిరిగి వచ్చేసరికి మరో పడవ మనిషి వెనక మెట్టు మీద నిలబడి తలలు లెక్కపెడుతున్నాడు. పద్నాలుగు. మళ్లీ మొదటి నుంచి పద్నాలుగు. ఆ రెండో లెక్క అయ్యాకే కెప్టెన్ ఇంజన్ వేశాడు. వాళ్ల వృత్తిలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది ఆ రెండో లెక్కే. ఈత వచ్చినవాడినీ రానివాడినీ నీళ్లలోకి పంపాలి, అందరినీ వెనక్కి తేవాలి. పంపడమే మానేస్తే లెక్కతో పని లేదు కానీ, అప్పుడు పడవతోనూ పని లేదు.

వెనక భాగంలో బిగించిన పొయ్యి మీద రొయ్యలు కాలుతున్న వాసనకు ఆకలి కట్టలు తెంచుకుంది. టమాటా, కీరా, ఉల్లి, ఆలివ్ కాయల మీద ఫేటా జున్ను ముక్క. వెల్లుల్లి వేసిన కీరా పెరుగుపచ్చడి. ద్రాక్షాకుల్లో చుట్టి ఉడికించిన అన్నం. ఇంకొక గిన్నెలో పసుప్పచ్చటి ఫావా. ఉల్లిపాయ, ఆలివ్ నూనె వేసి మెత్తగా మెదిపిన పప్పు. మన కేసరిపప్పుకు దగ్గరి చుట్టమైన గింజ అది, ఈ బూడిద నేలలోనే పండుతుంది. వాన చుక్క అరుదైన ఆ నేలలో సముద్రపు తేమ తాగి పెరిగిన చిన్న టమాటాలు తియ్యగా, గట్టిగా ఉన్నాయి. తడి జుట్టు వీపుకు అంటుకుని ఉండగా, పెదవుల మీద ఉప్పు ఆరకుండా తిన్న ఆ ముద్దపప్పు రుచి ఒడ్డున కూర్చుని తింటే రాదు. ఒళ్లు పని చేసి సంపాదించుకున్న ఆకలి అది.

ఈ కాలమ్ చదివే అమ్మానాన్నలను ఒకటే అడుగుతున్నాను. ఈ వేసవికి మీ పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, నేర్పేవాళ్లున్న చోట నీళ్లలోకి దించండి. గ్రీసు వెళ్లడానికి కాదు. చెరువు గట్టున కాలు జారినప్పుడు బయటపడడానికి, ఇంకొకరిని చూసి వణకకుండా ఉండడానికి, తమ ఒంటి బరువును నీళ్లకు ఒప్పజెప్పే ధైర్యం రావడానికి. ఈతకొలనులు నడిపేవారిని మరొకటి అడుగుతున్నాను. ఆడవాళ్ల గంటను పొద్దున్నో సాయంత్రమో పెట్టండి. ఆ ఒక్క మార్పుతో గట్టు మీది నుంచి ఎంతమంది లేచి వస్తారో మీరే చూస్తారు.

అమ్మూదిలో దిగి, కొండ ఎక్కే మెట్ల మొదట్లో కూర్చుని అమ్మకు ఫోన్ చేశాను. అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు.

"సముద్రంలో ఈదానమ్మా."

కాసేపు మాట లేదు.

"ఎంత లోతే?"

"కాళ్లు అందలేదు."

"చెయ్యి ఎవరు పట్టుకున్నారు?"

"ఎవరూ పట్టుకోలేదమ్మా."

మళ్లీ మాట లేదు. ఫోన్‌లో భీమిలి అలల చప్పుడు సన్నగా వినిపించింది. అరుగు మీద కూర్చుని ఉన్నట్టుంది.

"సరే, తల తుడుచుకున్నావా?" అంది అమ్మ.