పడక ప్రక్కన ఎవరు? - ‘డెకామెరాన్’ పీఠికపై ఒక విమర్శ

1348లో ఫ్లోరెన్సు నగరాన్ని పట్టిన ప్లేగు తెగులును గూర్చి సంఘచరిత్రలో తరచుగా ఉదహరింపబడే రచన బొకాచియో ‘డెకామెరాన్’ పీఠిక. అన్న తమ్ముని, భార్య భర్తను, చివరకు తల్లిదండ్రులు బిడ్డలను విడిచిపోయారని అతడు వ్రాశాడు. దీనిని ఆధారం చేసుకొని “ఆ దినాలలో సంఘము పారిపోయింది” అని ప్రసంగించడం సులభం. అయితే ఈ సాక్ష్యాన్ని పరీక్షించవలసి ఉంది.

రోగ లక్షణాలు, కూలికి శవాలు మోసేవారు, గోతులలో వరుసలుగా పేర్చిన దేహాలు - వీటి వర్ణనలో ఈ పీఠికకు సాటి అరుదు. తెగులుకు కారణం గ్రహాలా, దేవుని ఉగ్రతా అన్నది రచయిత తేల్చకుండా విడిచిపెట్టడం కూడా మెచ్చదగినదే. కాని లక్షమందికి పైగా చనిపోయారన్న అతని లెక్క అతిశయోక్తి. నగర జనాభాయే సుమారు అంత. పైగా ఈ వర్ణనకు, 8వ శతాబ్దపు పౌలు డీకన్ వ్రాసిన తెగులు వర్ణనకు గల పోలికలను పండితులు చూపారు.

అసలు లోపం దృష్టికోణంలో ఉంది. ఏడుగురు స్త్రీలు, ముగ్గురు పురుషులు సాంటా మరియా నొవెల్లా దేవాలయంలో కలుసుకొని పల్లెకు తరలిపోతారు. మనం ఎవరినీ విడిచిపెట్టడం లేదు, మనవారే మరణించో పారిపోయో మనలను విడిచారని పాంపినేయా వాదిస్తుంది. బంధువు మాత్రమే పొరుగువాడైతే ఈ వాదన చెల్లుతుంది. లూకా 10వ అధ్యాయము ఎదుట చెల్లదు. వెళ్లిపోయేవారి వెంట సాగే ఈ కథ, రోగుల దగ్గర నిలిచినవారిని గూర్చి చెప్పేది బహు స్వల్పం.

దీని ప్రక్కన మరొక పత్రాన్ని ఉంచి చదవాలి. 1349 జనవరిలో ఇంగ్లాండులోని బాత్, వెల్స్ బిషప్పు రాల్ఫ్ తన ప్రజలకు ఒక లేఖ పంపాడు. అంటుకుంటుందన్న భయంతో రోగులను దర్శించే గురువులు దొరకడం లేదని అందులో ఒప్పుకున్నాడు. గురువు లేనిచోట మరణించబోయేవారు సాధారణ విశ్వాసి యెదుట, చివరకు స్త్రీ యెదుటనైనా, పాపాలు ఒప్పుకోవచ్చునని అనుమతించాడు. భయపడినవారు ఉన్నట్లే ప్రాణాలు అర్పించినవారూ ఉన్నారు: ఇంగ్లాండులోని పలు డయోసీసులలో నూటికి 40కి పైగా పారిష్ గురువులు మరణించారని చరిత్రకారుల అంచనా.

కాబట్టి బొకాచియోను విడిచిపెట్టనక్కరలేదు, ఒంటరిగా చదవకూడదు. 2020-21 కోవిడ్ దినాలను దాటివచ్చిన కాపరులకు ఇది కేవలం చరిత్ర కాదు. కాపరి చేరలేని పడక ప్రక్కన ప్రార్థించుటకు సంఘములోని స్త్రీ పురుషులను ముందుగానే సిద్ధపరచామా? ఆ బిషప్పు ఆపదలో ఇచ్చిన అనుమతిని, యాకోబు 5:16 చదివే మనం నెమ్మది దినాలలోనే అభ్యాసం చేయాలి.