పఠనం నుంచి రచనకు: ‘ఎరగాన్’లో మంత్రభాష

అమెరికాలోని మోంటానాలో ఇంటివద్దే చదువుకొంటూ అద్భుత కల్పనా సాహిత్యంలో మునిగి పెరిగిన క్రిస్టఫర్ పావొలీని పదిహేనేళ్ల వయసులో ‘ఎరగాన్’ నవల ప్రారంభించాడు. 2002లో దానిని కుటుంబమే ప్రచురించింది. 2003లో నాఫ్ సంస్థ పునఃప్రచురించింది. టోల్కీన్‌కు ఇది అనుకరణ అన్న విమర్శ నిరాధారమేమీ కాదు. వస్తువు నిజనామం తెలిసినవారికి దానిపై అధికారం కలుగుతుందన్న భావన సైతం అర్సులా లె గ్విన్ ‘ఎర్త్‌సీ’ నవలల్లో ఉన్నదే. అయితే కథానాయకుడు ప్రాచీన భాషలో ఒక పసిబిడ్డకు ఇచ్చిన ఆశీస్సు, పదరూపం తప్పినందున శాపంగా పరిణమించిందని తరువాతి నవల ‘ఎల్డెస్ట్’ (2005)లో తెలుస్తుంది. రక్షణ పొందవలసిన బిడ్డే ఇతరుల బాధలకు కవచమైంది. (స్వరదోషం వల్ల వృత్రుని వినాశానికి దారితీసిన ‘ఇంద్రశత్రు’ మంత్రం తెలుగు పాఠకునికి ఇక్కడ స్ఫురించక మానదు.) మంత్రశక్తి నామం నుంచి వ్యాకరణానికి జరిగిన ఈ ఘట్టంలోనే పఠిత రచయితగా మారాడు. యుద్ధవర్ణనల్లో మాత్రం పూర్వగ్రంథాల ఛాయ వీడలేదు.